మాడిఫైడ్ యాక్టివేటెడ్ కార్బన్‌తో నీటి శుద్ధి: హైదరాబాద్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు, చిన్న ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు, ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు, ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఎవరు ఏది అడిగినా నేను ముందు తిరిగి అడిగేది ఒక్కటే: మీ నీళ్లలో ఏముంది? అది తెలియకుండా ఏ కార్బన్ మంచిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే మన కట్టెబొగ్గేనా?

పుట్టుక ఒకటే, పనితనం వేరు. కొబ్బరి చిప్పలు, కట్టె, రాతిబొగ్గు లాంటివాటిని గాలి తగలకుండా కాలిస్తే మామూలు బొగ్గు వస్తుంది. ఆ బొగ్గుకు 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం, జింక్ క్లోరైడ్ లాంటివి ముందే పట్టించి, ఇంకాస్త తక్కువ వేడిలో చేసే పద్ధతి కూడా ఉంది. ఒక్క గ్రాము మంచి కార్బన్‌లోని లోపలి గోడలన్నీ పరిచి కొలిస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో ఇంచుమించు 1,200 గజాల ప్లాటు. నీళ్లలోని మలినం వెళ్లి ఆ గోడలకు అంటుకుంటుంది. శుద్ధి అంతా అక్కడే జరుగుతుంది.

రంధ్రాలన్నీ ఒకే సైజులో ఉండవు. 2 నానోమీటర్ల లోపువి చిన్న అణువుల్ని పట్టుకుంటాయి. 2 నుంచి 50 నానోమీటర్లవి రంగుల లాంటి పెద్ద అణువులకు చోటిస్తాయి, లోపలికి దారి కూడా అవే. కొబ్బరి చిప్ప కార్బన్‌లో చిన్న రంధ్రాలు ఎక్కువ కాబట్టి తాగునీటికి బాగా సరిపోతుంది. రంగు నీళ్లలోని రంగు తీయడానికి కట్టెతో చేసినది నయం.

ఇంట్లో కట్టెబొగ్గు నలగ్గొట్టి ఫిల్టర్‌లో పోసుకోవచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. దానికి ఆ రంధ్రాలుండవు, పైగా సగం కాలిన తారు, బూడిద నీళ్లలోకి దిగుతాయి.

మరి 'మాడిఫైడ్' అంటే ఏం చేస్తారు?

మామూలు కార్బన్ గోడలకు నీళ్లంటే పెద్దగా ఇష్టం ఉండదు. అందుకే నీళ్లలో సరిగా కలవని, బెంజీన్ వలయాలున్న పదార్థాల్ని అది బాగా లాక్కుంటుంది. పురుగుమందులు, ద్రావకాలు, రంగులు, వాసనలు, చాలా రకాల మందుల అవశేషాలు ఈ కోవలోవే. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, ఆర్సెనిక్ లాంటివి నీళ్లలో విద్యుదావేశంతో, అంటే అయాన్లుగా ఉంటాయి, నీళ్లలో ఉండటమే వాటికి హాయి. వాటిని ఉత్త కార్బన్ సరిగా పట్టుకోలేదు.

వాటి కోసం గోడల స్వభావాన్నే మారుస్తారు. నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే గోడల మీద ఆక్సిజన్ ఉన్న గుంపులు, ముఖ్యంగా కార్బాక్సిల్ గుంపులు పెరుగుతాయి. సీసం, కాడ్మియం, నికెల్ లాంటి ధన అయాన్లు వాటికి అతుక్కుంటాయి. అమ్మోనియా వాయువులో బాగా వేడిచేస్తే నైట్రోజన్ చేరి గోడలు క్షార స్వభావానికి మారతాయి, అప్పుడు రుణ అయాన్ల మీద పట్టు వస్తుంది. ఇనుము, అల్యూమినియం, జిర్కోనియం, వెండి లవణాల్లో నానబెట్టి ఆరబెడితే ఆ లోహపు పూతే అసలు పని చేస్తుంది, కార్బన్ దాన్ని మోసే ఆధారంగా ఉంటుంది.

దేనికైనా ఖర్చుంటుంది. పూత వేసినకొద్దీ కొన్ని రంధ్రాలు మూసుకుపోతాయి. ఆమ్లం పట్టించిన కార్బన్ సీసాన్ని బాగా పట్టినా ఫినాల్‌ను మునుపటికంటే తక్కువ పడుతుంది. అన్నిటికీ ఒకే మాడిఫైడ్ కార్బన్ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

ఏ మలినానికి ఏ రకం?

ఆర్సెనిక్‌కు ఇనుము ఆక్సైడ్ పూత. నీళ్లలో ఆర్సెనిక్ ఉండే ఒక రూపమైన ఆర్సెనేట్ నేరుగా ఇనుముతో బంధం కలుపుతుంది. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువుంటే ఆ చోటు కోసం పోటీ పడుతుంది. మన దేశంలో ఇది ఎక్కువగా పశ్చిమ బెంగాల్, బిహార్ వైపు గంగా మైదానపు బోర్ల సమస్య. మన రాతి నేలలో అంతకంటే పెద్ద బెడద ఫ్లోరైడ్, దానికి అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం లేదా కాల్షియం ఫాస్ఫేట్ పూతలు. పాదరసానికి గంధకం పట్టించినది. సీసం, కాడ్మియంలకు ఆమ్లంతో మార్చినది. క్లోరిన్, అమ్మోనియా కలిస్తే వచ్చే క్లోరమైన్‌కు, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు నైట్రోజన్ చేర్చిన రకం, దీన్ని బజారులో క్యాటలిటిక్ కార్బన్ అంటారు.

నాన్‌స్టిక్ పెనాల తయారీలోనూ మంటలార్పే నురుగులోనూ వాడిన పీఫాస్ రసాయనాల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అణువు గొలుసు పొడవుగా ఉన్నవైతే మంచి గ్రాన్యులర్ (గుళికల) కార్బన్ బాగానే పడుతుంది, పొట్టి గొలుసువి త్వరగా జారి బయటికొచ్చేస్తాయి. క్షార స్వభావానికి మార్చిన కార్బన్ మీద పరిశోధన ఎక్కువగా వీటి కోసమే సాగుతోంది.

పురుగుమందులు, వాసన, క్లోరిన్, రంగు మాత్రమే మీ సమస్య అయితే మాడిఫైడ్ కార్బన్ అక్కర్లేదు. మంచి ఉత్త కార్బన్ చాలు, డబ్బూ మిగులుతుంది.

మాది బోరు నీళ్లు. గీజర్‌కు తెల్లటి పొర కడుతోంది. కార్బన్ పెట్టిస్తే పోతుందా?

పోదు. అది కాల్షియం, మెగ్నీషియంల కాఠిన్యం. దానికి సాఫ్ట్‌నర్ పెట్టాలి, తాగడానికైతే ఆర్వో. నీళ్లు ఎర్రబడితే అది ఇనుము. దానికి గాలి పట్టించి వడగట్టే ఏర్పాటు కార్బన్ కంటే ముందుండాలి, లేకపోతే తుప్పు కార్బన్‌ను కప్పేస్తుంది.

ట్యాంకర్ నీళ్లు బురదగా వస్తున్నాయి. కార్బన్ వాటిని తేరుస్తుందా?

బురద పని కార్బన్‌ది కాదు. కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చిన మన పెద్దలు చేసినదీ, ఇప్పుడు పటిక వేసి చేసేదీ ఒకే పని: సన్నటి మట్టిని ముద్దలుగా కలిపి అడుక్కి దించడం. ముందు తేర్చి, ఇసుక ఫిల్టర్ దాటించి, ఆ తర్వాతే కార్బన్‌కు పంపండి. బురద నేరుగా పంపితే ఖరీదైన కార్బన్‌ను ఇసుక చేసే పనికి వాడినట్టవుతుంది.

కార్బన్ ఫిల్టర్ పెట్టాక టీడీఎస్ మీటర్‌తో చూశాం. అంకె మారలేదు. మోసపోయామా?

మోసం కాకపోవచ్చు. టీడీఎస్ మీటర్ కొలిచేది నీటి విద్యుద్వాహకతను, అంటే కరిగి ఉన్న లవణాలను. కార్బన్ లవణాలను తీయదు, అంకె మారకపోవడం సహజం. అమ్మేవాడు టీడీఎస్ మీటర్ ముంచి చూపించి కార్బన్ పనితనం నిరూపించబోతే మాత్రం అనుమానించాల్సిందే.

అసలు భయం దీనికి రెండోవైపు ఉంది. పురుగుమందులు, మందుల అవశేషాలు లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. అవి ఉన్నా లేకపోయినా మీటర్‌లో తేడా కనిపించదు. టీడీఎస్ 150 వచ్చింది కాబట్టి నీళ్లు బాగున్నాయనుకునే ఇళ్లు మన నగరంలో లెక్కలేనన్ని. సీసానికి మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ఆ హద్దుకు పది రెట్లు సీసమున్నా ఆ మీటర్ పసిగట్టలేదు.

అయితే పరీక్ష ఎక్కడ, ఎలా చేయించాలి?

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో తాగునీటి పరీక్షలు చేస్తారు. ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు ల్యాబులూ నగరంలో ఉన్నాయి. ఆ గుర్తింపు మొత్తం ల్యాబుకు గుండుగుత్తగా ఉండదు, ఏయే పరీక్షలకు ఉందో జాబితా అడిగి చూడండి. లోహాలు కావాలంటే, యాంటీబయాటిక్స్ కావాలంటే ముందే చెప్పాలి. మామూలు ప్యాకేజీలో అవి ఉండవు.

నమూనా తీయడంలోనే సగం ఫలితం ఉంటుంది. లోహాల నమూనాకు ల్యాబు ఇచ్చే ప్లాస్టిక్ సీసాలో ఆమ్లం చుక్కలు వేస్తారు, దాన్ని కడిగేయకండి. పురుగుమందులు, ద్రావకాలకు ముదురు రంగు గాజు సీసా. బోరు నీళ్లయితే కొన్ని నిమిషాలు వదిలాక పట్టండి. ఇంటి పైపుల్లోంచి సీసం దిగుతోందేమో చూడాలంటే దీనికి తలకిందులుగా, తెల్లవారుజామున మొదటి నీళ్లే పట్టాలి.

జలమండలి నీళ్లకు కార్బన్ అవసరమా?

మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను పటికతో తేర్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలని ప్రమాణం. ఆ వాసన నచ్చక కార్బన్ పెట్టుకుంటామంటే పెట్టుకోవచ్చు. తాగే కుళాయి దగ్గర మాత్రమే పెట్టండి. సంపు దగ్గరో ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరో పెట్టిస్తే క్లోరిన్ అక్కడే పోతుంది, ఆ తర్వాత ట్యాంకులోనూ పైపుల్లోనూ క్రిములను ఆపేది ఏదీ ఉండదు. మొత్తం బిల్డింగ్‌కు కార్బన్ అని కొటేషన్ తెచ్చేవాళ్లను ఈ ప్రశ్న అడగండి: క్లోరిన్ తీసేశాక ట్యాంకును ఎలా కాపాడతారు?

మా ఆర్వో మెషిన్‌లో ఇప్పటికే కార్బన్ ఉందట కదా?

ఉంటుంది. ఆర్వోలో నీళ్లను వడగట్టే పొరను పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, క్లోరిన్ తగిలితే అది పాడవుతుంది. కాబట్టి ముందుండే కార్బన్ ప్రధానంగా ఆ పొరను కాపాడటానికి. చివర్లో ఉండే చిన్న కార్బన్ రుచి కోసం. ముందుది సమయానికి మార్చకపోతే ఖరీదైన పొర పాడవుతుంది.

వెండి పూత కార్బన్ క్రిముల్ని చంపుతుందని అమ్ముతున్నారు.

వెండి ప్రధానంగా కార్బన్ లోపల క్రిములు గూడు కట్టకుండా చూస్తుంది. నీళ్లు కార్ట్రిడ్జ్‌లో ఉండేది కొన్ని సెకన్లే, ఆ కాసేపట్లో వచ్చే ప్రతి క్రిమినీ చంపుతుందని నమ్మి కలరా, టైఫాయిడ్, కామెర్ల నుంచి ఇంటిని కాపాడుకోలేం. వానాకాలం డ్రైనేజీ కలిసిన నీళ్లొస్తే మరిగించాలి, లేదా క్లోరిన్, యూవీ ఉండాలి. వెండి కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది కూడా. దానికి ఐఎస్ 10500 హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాములు. మంచి తయారీదారు దగ్గర ఆ పరీక్ష రిపోర్టు ఉంటుంది, చూపించమనండి.

మా అమ్మానాన్నలు నల్గొండ జిల్లాలో ఉంటారు. ఫ్లోరైడ్‌కు మాడిఫైడ్ కార్బన్ పంపించమంటారా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేను. వంగిపోయిన వెన్నులు, పచ్చబడిన పళ్లు చూసిన జిల్లా అది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970ల్లో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) శాస్త్రవేత్తలు నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారంటే ఆ నేల ఎంత భరించిందో తెలుస్తుంది. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని పరిస్థితిలో 1.5 వరకు అనుమతి.

మొదటి మాట: మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకూ అవే వాడమనండి. దాన్ని మించిన ఫిల్టర్ లేదు.

బోరు తప్ప గతి లేదంటే లెక్క వేద్దాం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉంది, 1కి దించాలి. అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు తీయాలి. తాగడానికి, వంటకు ఇంటికి రోజుకు 20 లీటర్లు అనుకుంటే రోజుకు 40 మిల్లీగ్రాములు. పూత వేసిన కార్బన్ గ్రాముకు 2 మిల్లీగ్రాములు పడుతుందనుకుందాం. అప్పుడు రోజుకు 20 గ్రాములు, ఏడాదికి 7.3 కిలోలు ఖర్చవుతుంది. వంటింటి గోడకు తగిలించే చిన్న కార్ట్రిడ్జ్‌లో అంత పట్టదు. చిన్న కార్ట్రిడ్జ్ ఏడాదంతా ఫ్లోరైడ్ తీస్తుందనేవాడి ముందు ఈ లెక్క పెట్టండి.

ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లు సైజులోనూ ఆవేశంలోనూ దగ్గర దగ్గరగా ఉంటాయి. పీహెచ్, అంటే నీటి క్షార గుణం, పెరిగేకొద్దీ హైడ్రాక్సైడ్ ఆ చోటును ఆక్రమిస్తుంది. బైకార్బనేట్ కూడా పోటీకి వస్తుంది. మన బోరు నీళ్ల పీహెచ్ సాధారణంగా 7 పైనే, బైకార్బనేట్‌కూ కొదవ లేదు. ల్యాబులో పీహెచ్ 5 దగ్గర వచ్చిన ఫలితం ఊళ్లో రాకపోవడానికి కారణమిదే. అల్యూమినియం పూతైతే శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం ఎంత దిగుతోందో కూడా పరీక్షించాలి. ఇన్ని చూశాక చాలా ఇళ్లకు బాగా నడిచే ఆర్వో గానీ, ఊరందరికీ కలిపి పెట్టిన యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టే అల్యూమినియం ఆక్సైడ్) ప్లాంటు గానీ నయమని నా అభిప్రాయం.

పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్లను కార్బన్ శుద్ధి చేయగలదా?

2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చువేసిన పరిశోధన ప్రపంచం దృష్టిని పటాన్‌చెరు మీదికి తిప్పింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పక్కన పొలాలున్నవాళ్లు ఈ బాధను అంకెలు రాకముందు నుంచే పడ్డారు.

సిప్రోఫ్లాక్సాసిన్‌లో వలయాలున్నాయి, కార్బన్ గోడకు చక్కగా అంటుకుంటుంది. పేపర్ మీద చూస్తే సమస్య తీరిపోయినట్టే. ఫ్యాక్టరీ నీళ్లలో మాత్రం ఒక్క మందే ఉండదు. ద్రావకాలు, ఉప్పులు, రకరకాల సేంద్రియ పదార్థాలు మందు కంటే వందల రెట్లు ఎక్కువగా ఉంటాయి. అవన్నీ ముందు గోడలెక్కి కూర్చుంటే మందుకు చోటు దొరకదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, తర్వాత వచ్చిన గట్టి పదార్థం ముందు అతుక్కున్న బలహీనమైనదాన్ని తోసేస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లినదానికంటే బయటికి వచ్చే నీళ్లలోనే ఆ మలినం ఎక్కువుంటుంది.

కాబట్టి కార్బన్ స్థానం చివర్న. ద్రావకాలు ఫ్యాక్టరీలోనే వేరుచేయాలి, ఉప్పు నీళ్లు విడిగా ఆవిరి చేయాలి, జీవ పద్ధతిలో శుద్ధి పూర్తవ్వాలి, ఆ మిగిలిన కొసను కార్బన్‌కు అప్పగించాలి. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఎంపిక చేసిన మురుగు శుద్ధి కేంద్రాలు పొడి కార్బన్‌తోనో ఓజోన్‌తోనో ఇలాంటి సూక్ష్మ మలినాల్ని 80 శాతం తగ్గించాలి. మందులు ఇంత పెద్ద ఎత్తున తయారయ్యే మన నగరానికి అంతకంటే గట్టి నియమం ఉండాలని నేను కోరుకుంటాను.

బాలానగర్ వైపు చిన్న ప్లేటింగ్ యూనిట్ మాది. క్రోమియం, నికెల్‌కు కార్బన్ చాలా?

ఒక్క కార్బన్ చాలదు. ఎక్కువ విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియాన్ని ముందు సోడియం మెటాబైసల్ఫైట్‌తో ఆమ్ల నీళ్లలో మూడు వేలెన్సీకి మార్చి, సున్నంతో మడ్డిగా దించడమే చవకైన, నమ్మకమైన దారి. నికెల్ కూడా క్షారంలో ఇలాగే మడ్డిగా అడుక్కి చేరుతుంది. ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటిని పట్టడానికి ఆమ్లంతో మార్చిన కార్బన్ పనికొస్తుంది. బయటికి వదిలే నీళ్లలో ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదు. తొట్టిలో పనిచేసే కార్మికుడి చేతులకు, ముక్కుకు ముందు తగిలేది ఇదే క్రోమియం, అది కూడా ఆలోచించండి.

మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) కార్బన్ ఫిల్టర్ ఉంది. అయినా ఫ్లష్ నీళ్లు వాసనొస్తున్నాయి.

తప్పు దాదాపు ఎప్పుడూ కార్బన్ కంటే ముందే ఉంటుంది. కరెంటు ఖర్చు తగ్గించడానికి గాలి ఊదే బ్లోయర్లు ఆపేస్తే మురుగు సగమే జీర్ణమవుతుంది. ఆ మిగతా సగమంతా కార్బన్ మీద పడి కొద్ది రోజుల్లో నింపేస్తుంది. ముందు గాలి సరిగా అందేలా చూడండి, ఇసుక ఫిల్టర్‌నూ కార్బన్‌నూ నీళ్లు వెనక్కి పారించి కడగండి, అప్పటికీ వాసన ఉంటే కార్బన్ మార్చండి.

మార్చేటప్పుడు ఒక ప్రాణాపాయం ఉంది. తడి కార్బన్ చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మూసిన కార్బన్ ట్యాంకులో వాసన ఏమీ రాకపోయినా ఊపిరి అందక మనిషి నిమిషాల్లో కూలిపోవచ్చు, కాపాడబోయి దిగినవాడూ కూలిపోతాడు. గ్యాస్ మీటర్‌తో ఆక్సిజన్ చూడకుండా, గాలి ఊదకుండా, పైన మనిషీ తాడూ లేకుండా ఎవరినీ అందులోకి దింపకండి. కమిటీ మినిట్స్‌లో ఇది రాసుకోండి.

కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చాలి?

కంపెనీ చెప్పిన నెలలు సగటు లెక్క. నల్లా నీళ్లయితే ఒక సులువైన పద్ధతుంది. డీపీడీ మాత్రల క్లోరిన్ కిట్ కొని, ఫిల్టర్‌కు ముందు నీళ్లు, తర్వాత నీళ్లు రెండూ చూడండి. తర్వాతి నీళ్లూ గులాబీ రంగుకు తిరిగితే కార్బన్ అయిపోయింది. తిరగకపోతే క్లోరిన్ వరకు పనిచేస్తోందని మాత్రమే అర్థం. సీసానికో ఫ్లోరైడ్‌కో పెట్టిన మాడిఫైడ్ కార్బన్‌కు ఈ పరీక్ష చెల్లదు, ల్యాబుకే పంపాలి. ఇంటిల్లిపాదీ ఊరెళ్లి వారం తర్వాత వస్తే మొదటి కొన్ని లీటర్లు మొక్కలకు వదిలేయండి, కదలని నీళ్లలో క్రిములు పెరిగి ఉంటాయి.

కొనేటప్పుడు ఏం అడగాలి?

అయోడిన్ నంబర్, అంటే ఒక గ్రాము కార్బన్ ఎంత అయోడిన్‌ను పడుతుందో అడగండి. తాగునీటికి గ్రాముకు 900 నుంచి 1100 మిల్లీగ్రాములున్నది మంచి సరుకు. ఇది చిన్న రంధ్రాలు ఎన్నున్నాయో చెబుతుంది, పూత గురించి ఏమీ చెప్పదు. కాబట్టి మాడిఫైడ్ రకమైతే ఏ పూత, ఎంత శాతం, మీ నీళ్లలాంటి నీళ్లలో ఎన్ని లీటర్ల దాకా పనిచేసింది, పూత ఎంత ఊడి నీళ్లలోకి దిగింది అనేవి రాతపూర్వకంగా అడగాలి. నీళ్లు కార్బన్ మధ్య ఎంతసేపు ఉంటాయన్నది కూడా. పెద్ద ప్లాంట్లలో 5 నుంచి 15 నిమిషాలు ఇస్తారు. కార్బన్ ఎంత గొప్పదైనా నీళ్లు పరుగెత్తితే మలినం లోపలి రంధ్రాల దాకా చేరదు.

పత్తి కట్టె, వరి ఊక, వేరుశెనగ పొట్టుతో మనమే చేసుకోలేమా?

చేయొచ్చు, చేయాలి కూడా. పత్తి తీశాక కట్టెను పొలంలోనే తగలబెట్టే రాష్ట్రం మనది. ఆ పొగ బదులు కార్బన్ వస్తే రైతుకూ నాలుగు రూపాయలు దక్కుతాయి. ఊకలో సిలికా ఎక్కువ, బూడిద మిగులుతుంది, క్షారంతో తీయాల్సి వస్తుంది. చింతగింజల పొట్టు, తాటి టెంకలతో చేసిన ప్రయోగాలూ ఉన్నాయి. కష్టమంతా ప్రతి బ్యాచ్ ఒకేలా రావడంలో, వాడిన ఆమ్లాన్నీ కడిగిన నీళ్లనూ శుద్ధి చేయడంలో ఉంది. నీటిని శుభ్రం చేసే సరుకు కోసం ఇంకో వాగును పాడుచేస్తే ఆ పని అర్థమే పోతుంది.

ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా చేస్తున్నాం. పేపర్లలో గ్రాముకు 300 మిల్లీగ్రాములు పట్టిందని ఉంటుంది. మాకెందుకు రావట్లేదు?

డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క మలినాన్నే లీటరుకు వందల మిల్లీగ్రాములు కలిపి, అనుకూలమైన పీహెచ్ పెట్టి తీసిన గరిష్ఠ విలువ అది. అసలు నీళ్లలో మలినం తక్కువ, పోటీదారులు ఎక్కువ. మీ నీళ్లలో మలినం ఎంత గాఢతలో ఉందో అదే గాఢత దగ్గర కార్బన్ ఎంత పడుతుందన్నదే పనికొచ్చే అంకె.

నా సలహా: తార్నాకలోని మీ యూనివర్సిటీ హాస్టల్ బోరు నీళ్లతోనే చేయండి. పక్కన మార్చని కార్బన్‌తో అదే ప్రయోగం తప్పక పెట్టండి, చాలా పేపర్లలో లోటు ఇదే. గోడల ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ ముందు కనుక్కోండి. నీటి పీహెచ్ దానికంటే ఎక్కువుంటే గోడలు రుణావేశంతో ఉంటాయి, లోహ అయాన్లు వస్తాయి. తక్కువుంటే ఫ్లోరైడ్ లాంటివి వస్తాయి. సగం ఫలితాలు ఈ ఒక్క కొలతతో అర్థమవుతాయి. మార్చాక ఉపరితల వైశాల్యం ఎంత తగ్గిందో దాచకుండా రాయండి. పూతలోని లోహం ఎంత దిగిందో కొలవండి. తిరిగి శుభ్రం చేసి కనీసం ఐదుసార్లు వాడి చూడండి. కార్బన్ ఎంత మలినం పడుతుందో లెక్కగట్టే లాంగ్‌మ్యూర్ సమీకరణం 0.99తో సరిపోయిందని సంబరపడేకంటే, సన్నటి గొట్టంలో కార్బన్ నింపి బోరు నీళ్లు రోజుల తరబడి పారించి, ఎప్పుడు చేతులెత్తేసిందో గీసిన ఒక్క గ్రాఫ్ ఎక్కువ విలువైనది.

హుస్సేన్‌సాగర్‌లో కార్బన్ పొడి చల్లితే?

పొడి అడుక్కి చేరుతుంది, నాలాల నుంచి మురుగు వస్తూనే ఉంటుంది. మూసీకైనా ఇదే జవాబు. వచ్చే చోట ఆపాలి.

వాడేసిన కార్బన్‌ను ఏం చేయాలి?

కార్బన్ మలినాన్ని మాయం చేయదు, నీళ్లలోంచి తనలోకి తీసుకుంటుంది. ఇంట్లో నల్లా నీళ్లకు వాడిన కార్ట్రిడ్జ్‌ను పొడి చెత్తలో ఇవ్వొచ్చు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం పట్టినదాన్ని కుండీల్లో, పెరట్లో పోయకండి, వానకు మళ్లీ నేలలోకి దిగుతుంది. అలాంటివి తిరిగి తీసుకునే సరఫరాదారు దగ్గరే కొనండి.

ఫ్యాక్టరీలకు దారి స్పష్టంగానే ఉంది. సేంద్రియ మలినాలు పట్టిన గ్రాన్యులర్ కార్బన్‌ను 800 డిగ్రీల పైన వేడిచేసి తిరిగి వాడొచ్చు, ప్రతిసారీ కొంత సరుకు తరుగు పోతుంది. పూత వేసిన రకాలకు ఈ వేడి సరిపడకపోవచ్చు, వాటిని క్షారం, ఆమ్లం ద్రావణాలతో కడుగుతారు, ఆ కడిగిన ద్రావణానికి మళ్లీ శుద్ధి కావాలి. మందుల తయారీలో వాడేసిన కార్బన్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు తమ జాబితాలో చేర్చాయి. దాన్ని మానిఫెస్ట్ (వ్యర్థాల రవాణా పత్రం) రాసి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి అనుమతి ఉన్న చోటికే పంపాలి. రాత్రిపూట ట్రాక్టర్‌లో తీసుకెళ్లి చెరువు గట్టున పోసిన సంచి కనిపిస్తే సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి ఫొటోతో సహా ఫిర్యాదు చేయండి. సంచిని ముట్టుకోకండి, పిల్లల్ని అటు పోనీయకండి.